చేపల లెక్కకు గట్టుమీది సాక్ష్యం: గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మత్స్యకారుల మౌఖిక జ్ఞానంపై చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
కృష్ణానది తీరంలోని జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో నదిలో, జలాశయాల్లో, చెరువుల్లో చేపల వేట తరతరాల వృత్తి. ఈ నీళ్లలో ఏ చేప ఎప్పుడు, ఎంత దొరికేదో తెలిపే దీర్ఘకాల లిఖిత ఆధారాలు స్వల్పం. శ్రీశైలం, జూరాల ఆనకట్టలకు పూర్వపు నదిని గురించిన జ్ఞానం ప్రధానంగా వృద్ధ మత్స్యకారుల జ్ఞాపకంలో ఉంది. సముదాయ చర్చల ద్వారా ఆ జ్ఞానాన్ని సేకరించడం చరిత్ర రచనకూ, మత్స్యవనరుల యాజమాన్యానికీ అవసరమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. పందొమ్మిదో శతాబ్దపు నమోదుల నుండి నేటి జీవవైవిధ్య రిజిస్టర్ల వరకు ఈ పద్ధతికున్న పూర్వరంగాన్ని, దాని పరిమితులను, దానికి వర్తించవలసిన ఆధార విమర్శను చర్చిస్తుంది.

కీలకపదాలు: కృష్ణానది, మత్స్యకారులు, మౌఖిక చరిత్ర, జూరాల, శ్రీశైలం, సముదాయ చర్చ, సహకార సంఘాలు, నడిగడ్డ.

1. ఉపోద్ఘాతం:
వ్యవసాయ చరిత్రకు పహాణీలు, జమాబందీ లెక్కలు, వర్షపాత పట్టికలు ఆధారాలుగా ఉన్నాయి. నేత, కుమ్మరం వంటి వృత్తులకు శాసనాలు, కైఫియత్తులు, జనాభా లెక్కలు కొంతవరకు తోడ్పడతాయి. లోతట్టు చేపల వేట విషయంలో చరిత్రకారుడికి ఇటువంటి ఆధారాలు తక్కువ. చెరువును ఎవరికి, ఎంతకు కౌలుకిచ్చారో చెప్పే కాగితం దొరకవచ్చు. ఆ చెరువులో ఏ చేపలు ఉండేవో, వాటిలో ఏవి కనుమరుగయ్యాయో ఆ కాగితం చెప్పదు.

ఈ లోటు వర్తమానానికీ సంబంధించినది. ఏ కాలంలో వేట ఆపాలి, ఏ కన్ను పరిమాణం గల వలను అనుమతించాలి, ఏ చేపపిల్లలను వదలాలి అన్న నిర్ణయాలన్నీ లెక్కల మీద ఆధారపడతాయి. లెక్క లేనిచోట నిర్ణయం ఊహతోనో, ఇతర ప్రాంతాల సగటుతోనో జరుగుతుంది. శ్రీశైలం ముంపుకు ముందు కృష్ణలో వేటాడినవారు నేడు వృద్ధులు. వారితోపాటు ఆ నదిని గురించిన ప్రత్యక్ష సాక్ష్యం కూడా అంతరించే స్థితిలో ఉంది. అందువల్ల ఆ సాక్ష్యాన్ని ఏ పద్ధతిలో నమోదు చేయాలి, దాన్ని ఎంతవరకు నమ్మాలి, నమోదైన సమాచారం ఎవరి చేతిలో ఉండాలి అనేవి ఈ వ్యాసంలో పరిశీలించే మూడు ప్రశ్నలు.

2. ప్రాంత నేపథ్యం: నది, చెరువు, జలాశయం:
2016 అక్టోబరు 11న మహబూబ్‌నగర్ జిల్లా పునర్విభజనతో ఈ మూడు జిల్లాలు ఏర్పడ్డాయి. అంతకుముందు ఈ ప్రాంతంలో గద్వాల, వనపర్తి, జటప్రోలు, అమరచింత, గోపాల్‌పేట వంటి సంస్థానాలు నిజాం రాజ్యానికి లోబడి పాలన సాగించాయి. కృష్ణా, తుంగభద్రల నడుమనున్న గద్వాల, అలంపూర్ ప్రాంతాన్ని ప్రజలు నడిగడ్డ అంటారు.

ఇక్కడి చేపల వేటకు మూడు రకాల నీటివనరులు ఆధారం. మొదటిది నది. పుట్టి, విసురువల, గాలం నదిలో వేటకు పాత సాధనాలు. రెండవది చెరువు. వర్షాకాలంలో చెరువు అలుగు పారినప్పుడు చేపలు ప్రవాహానికి ఎదురెక్కడం, ఆ సమయంలో ఊరంతా అలుగు దగ్గరికి చేరడం పాలమూరు గ్రామాల్లో పరిచిత దృశ్యం. శ్రీరంగాపూర్‌లో రంగనాయకస్వామి ఆలయం పక్కనున్న రంగసముద్రం, నాగర్‌కర్నూల్‌లోని కేసరిసముద్రం ఈ కోవకు చెందినవి. వనపర్తి సంస్థాన పాలకుల చొరవతో 1949లో పనులు మొదలై 1959లో పూర్తయిన సరళాసాగర్ స్వయంచాలక సైఫన్ల వల్ల ప్రసిద్ధి పొందింది. దాని కట్ట 2019 డిసెంబరు 31న తెగిపోయింది. కట్ట తెగితే నీటితోపాటు ఆ ఏటి చేప కూడా పోతుంది. ఆయకట్టు నష్టానికి కొలతలు ఉంటాయి గాని, చెరువులో అప్పటికి ఎంత చేప ఉన్నదో ముందుగా నమోదు కాకపోతే మత్స్యకారుల నష్టాన్ని అంచనా కట్టడానికి ఆధారమే ఉండదు.

మూడవది జలాశయం. 1963లో శంకుస్థాపన జరిగిన శ్రీశైలం ఆనకట్ట వల్ల 1980వ దశకారంభంలో మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల్లో వందకు పైగా గ్రామాలు ముంపుకు గురయ్యాయి. సోమశిల, జటప్రోలు ఆలయాలను ఎగువకు తరలించారు. 1981లో శంకుస్థాపన జరిగిన జూరాల 1990వ దశకం మధ్యకాలానికి నీటిని నిలిపింది. ఒకే తరం జీవితకాలంలో పారే నది రెండుచోట్ల నిలిచిన నీరుగా మారింది. ఆపై నెట్టెంపాడు, భీమా, కల్వకుర్తి ఎత్తిపోతల పథకాలు నదీజలాన్ని చెరువులకు చేర్చాయి. వాననీటితో మాత్రమే నిండే చెరువులోని చేపల కూర్పుకూ, నదీజలం చేరిన చెరువులోని చేపల కూర్పుకూ తేడా ఏమిటన్నది పరిశోధకులు పరిశీలించవలసిన ప్రశ్న.

3. తొలి నమోదులు: చెప్పినవారు, రాసినవారు:
కృష్ణా పరీవాహకంలోని చేపలను ఆధునిక శాస్త్ర పద్ధతిలో వర్ణించిన తొలివారిలో బొంబాయి ప్రభుత్వంలో గణాంక నివేదకుడిగా పనిచేసిన డబ్ల్యు.హెచ్. సైక్స్ ఒకరు. దక్కన్ చేపలపై 1839–41 కాలంలో వెలువడిన ఆయన రచనలలో అనేక జాతులకు పెట్టిన శాస్త్రీయ నామాలు స్థానికుల వాడుక పేర్లే. 'నుక్తా', 'రోహ్తీ', 'పొటైల్' అనేవి ఎగువ ప్రాంతపు మరాఠీ వాడుక నుండి లాటిన్ నామావళిలోకి చేరాయి. మత్స్యకారుల నోటిమాట శాస్త్రానికి మూలాధారమైందని ఆ పేర్లే సాక్ష్యమిస్తున్నాయి. ఆ పేర్లు చెప్పినవారెవరో మాత్రం చరిత్రకు తెలియదు.

ఫ్రాన్సిస్ డే 1873లో భారత, బర్మా దేశాల మంచినీటి చేపలపై నివేదిక ప్రచురించాడు. ఈ నివేదికకు ఒక పద్ధతి ఉంది. వలల కన్ను ఎంత, చేపపిల్లలను పడుతున్నారా, చేపలు తగ్గాయా వంటి ప్రశ్నలను జిల్లా అధికారులకూ తహసీల్దార్లకూ పంపి వారి జవాబులను క్రోడీకరించారు. నేటి ప్రశ్నావళి సర్వేకు ఇది పూర్వరూపం. అయితే ఆ జవాబుల్లో వినిపించే గొంతు రెవెన్యూ అధికారిది. వేటగాడు చెప్పినదాన్ని అధికారి ఎంతవరకు విన్నాడు, ఎంతవరకు తన అభిప్రాయాన్ని జోడించాడు అన్నది నేడు వేరుచేసి చూడటం కష్టం.

పైగా ఈ ప్రాంతంలో నది రాజ్యాల సరిహద్దు. దక్షిణపు ఒడ్డున మద్రాసు ప్రెసిడెన్సీకి చెందిన కర్నూలు, ఉత్తరపు ఒడ్డున నిజాం రాజ్యం. ఒకే నీటిలో వేటాడినవారి వృత్తి రెండు వేర్వేరు పాలనల కాగితాల్లోకి చీలిపోయింది. హైదరాబాద్ రాజ్యంలో 1940వ దశకంలో రహీముల్లా, మహమూద్ తదితరులు చేసిన చేపల సర్వే బాంబే న్యాచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో భాగాలుగా వెలువడింది. జాతుల గుర్తింపుకు ఇటువంటి సర్వేలు విలువైనవి. చేప ఎంత దొరికేది, ఎవరు పట్టేవారు, ఏ కాలంలో ఎక్కడికి వలస వెళ్లేది అనే విషయాలు వాటి లక్ష్యం కాదు. సయ్యద్ సిరాజ్‌ఉల్ హసన్ 1920లో ప్రచురించిన నిజాం రాజ్య కులాల గ్రంథం వంటివి వృత్తికులాలను వర్ణించాయి. ఆ విధంగా ఒక వరుస గ్రంథాల్లో మనుషులు లేని చేపలు, మరొక వరుసలో చేపలు లేని మనుషులు నమోదయ్యారు.

4. శాఖల లెక్కలు: విత్తనం, కౌలు, సభ్యత్వం:
స్వాతంత్ర్యానంతరం మత్స్యశాఖ దృష్టి ఉత్పత్తి మీద నిలిచింది. 1957లో హీరాలాల్ చౌధురి కటక్‌లో ప్రేరిత ప్రజననం ద్వారా కార్పు జాతి చేపల చేత గుడ్లు పెట్టించడంలో విజయం సాధించాడు. దానితో చేపపిల్లలను కేంద్రాల్లో ఉత్పత్తి చేసి చెరువుల్లో వదలడం సాధ్యమైంది. బొచ్చె, రోహు, మోసు, బంగారుతీగ చెరువు చేపలుగా స్థిరపడ్డాయి. తెలంగాణ ప్రభుత్వం 2016–17 నుండి ఉచిత చేపపిల్లల పంపిణీ చేపట్టింది.

ఈ క్రమంలో ఎన్ని చేపపిల్లలు వదిలారు, ఎంత కౌలు వచ్చింది, ఎందరు సభ్యులు అనే మూడు లెక్కలు క్రమబద్ధంగా తయారయ్యాయి. మూడూ పాలనకు అవసరమైనవే. వదిలిన పిల్లల్లో ఎన్ని బతికాయి, ఎంత బరువుకు పెరిగాయి, విత్తనంతో నిమిత్తం లేకుండా సహజంగా పెరిగే జెల్ల, వాలుగ, మార్పు, పరక వంటి చేపలు ఏమయ్యాయి అనే ప్రశ్నలకు ఆ లెక్కల్లో జవాబు లేదు. పేద కుటుంబాల కూరకుండకు చేరేది తరచుగా ఇటువంటి చేపలే. భారత జలాశయాల మత్స్యసంపదపై వి.వి. సుగుణన్ 1995లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థకు రాసిన గ్రంథం జలాశయాల సగటు దిగుబడిని హెక్టారుకు సుమారు 20 కిలోలుగా లెక్కకట్టింది. దేశవ్యాప్త సగటుగా అది ఉపయోగకరం. సోమశిల దగ్గరి మడుగుకూ జూరాల వెనుకజలాలకూ ఉన్న తేడాను అది చూపలేదు.

సంఘ సభ్యత్వానికి నిర్వహించే నైపుణ్య పరీక్ష ఈ సందర్భంలో గమనార్హం. అభ్యర్థికి ఈత, వల విసరడం వంటివి వచ్చునా అని అధికారులు పరీక్షిస్తారు. వృత్తి అంటే చేతిపని అనే అవగాహన ఇందులో ఉంది. ఏ చేప ఎక్కడ గుడ్లు పెడుతుంది, నీటి రంగు మారితే ఏ చేప కదులుతుంది అన్న జ్ఞానానికి ఆ పరీక్షలో స్థానం లేదు. రాజ్యం మత్స్యకారుడి చేతిని గుర్తించినంతగా అతని ఎరుకను గుర్తించలేదనడానికి ఇదొక నిదర్శనం.

5. మౌఖిక కాలమానం:
మౌఖిక సాక్ష్యానికి తేదీలు ఉండవన్నది సాధారణ ఆక్షేపణ. కృష్ణాతీరంలో ఈ ఆక్షేపణకు సమాధానం నదిలోనే ఉంది. ముంపు, జూరాల కట్టడం, 2009 అక్టోబరు వరద అనేవి ఈ ప్రాంత సామూహిక జ్ఞాపకంలో గుర్తుండే మైలురాళ్లు. 2009 వరదలో అలంపూర్, కర్నూలు ప్రాంతాలు తీవ్రంగా దెబ్బతిన్నాయి. ఒక చేప చివరిసారి ఎప్పుడు కనబడింది అని అడిగితే సంవత్సరం చెప్పలేని వ్యక్తి, అది ముంపుకు ముందా తరువాతా, పెద్దవరదకు ముందా తరువాతా అంటే చెప్పగలడు. ఆ ఘటనల తేదీలు ప్రభుత్వ రికార్డుల్లో ఉన్నాయి కనుక జ్ఞాపకాన్ని కాలరేఖ మీద నిలపవచ్చు.

ఏడాది లోపలి కాలానికి కార్తెలు ఉపయోగపడతాయి. మృగశిర కార్తెకు చేప తినే ఆచారం వల్ల కొర్రమీనుకు ఆనాడు గిరాకీ పెరుగుతుంది. 2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటితమైన కొర్రమీను పూర్వం ఏ చెరువుల్లో సహజంగా దొరికేది, ఇప్పుడు ఎక్కడినుండి సంతకు వస్తున్నది అనే ఒక్క ప్రశ్నను మృగశిర సంతను కేంద్రంగా చేసుకొని పదిహేను ఊళ్లలో అడిగినా చెప్పుకోదగిన చరిత్ర బయటపడుతుంది.

నదీ మత్స్యాల విషయంలో ఇటువంటి పద్ధతికి అంతర్జాతీయ పూర్వప్రమాణం ఉంది. పసిఫిక్ ద్వీపసమూహమైన పలావులో మత్స్యకారుల జ్ఞానంపై ఆర్.ఇ. జోహాన్నెస్ 1981లో ప్రచురించిన గ్రంథం ఈ రంగంలో మార్గదర్శకం. మెకాంగ్ నదిలో చేపల వలసలను తెలుసుకోవడానికి మెకాంగ్ నదీ సంఘం లావోస్, థాయ్‌లాండ్, కంబోడియా, వియత్నాం మత్స్యకారులను అడిగి, వారి జవాబులను నది పొడవునా పోల్చి వలస పటాలు తయారుచేసింది. ఒక్కొక్కరికి తెలిసింది తమ ఊరి రేవు మాత్రమే. రేవులన్నిటి మాటలను వరుసలో పెట్టినప్పుడు చేప ప్రయాణం కనబడింది. జూరాల నుండి సోమశిల వరకు రేవులవారీగా ఈ పని చేయడానికి అవకాశముంది.

6. పాలమూరులోనే ఉన్న పూర్వానుభవం:
ప్రజలు తమ వనరును తామే కొలిచి, చర్చించి, నిర్ణయం తీసుకోవడం ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాకు కొత్త కాదు. రైతుల యాజమాన్యంలో భూగర్భజలాల పథకం 2000–2010 దశకంలో ఆహార వ్యవసాయ సంస్థ సహాయంతో ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో నడిచింది. వాటిలో మహబూబ్‌నగర్ ఒకటి. రైతులు వర్షపాతాన్ని, బావుల్లో నీటిమట్టాన్ని స్వయంగా కొలిచి, యాసంగికి ముందు సమావేశమై ఉన్న నీటికి ఎంత పంట సాధ్యమో లెక్కవేసుకొన్నారు. భూమి లోపలి కంటికి కనబడని నీటిని లెక్కించగలిగిన సమాజానికి చేపను లెక్కించడం అసాధ్యం కాదు.

రెండవ అనుభవం ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లది. మాధవ్ గాడ్గిల్ తదితరుల చొరవతో 1990వ దశకంలో రూపొందిన ఈ ఆలోచనకు 2002 జీవవైవిధ్య చట్టం, 2004 నియమాలు చట్టబద్ధతనిచ్చాయి. ప్రతి స్థానిక సంస్థలో యాజమాన్య కమిటీ ఏర్పడి, ప్రజలతో సంప్రదించి రిజిస్టరు తయారుచేయాలి. అందులో జలచరాలకూ చోటుంది. జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశాలతో 2020 జనవరి 31 గడువు ఏర్పడినప్పుడు దేశవ్యాప్తంగా రిజిస్టర్ల సంఖ్య వేగంగా పెరిగింది. గడువు కోసం నింపిన పట్టికకూ, నాలుగు కాలాలపాటు మాట్లాడి రాసిన పట్టికకూ విలువలో తేడా ఉంటుంది. చట్టం చూపిన దారి సరైనదే. దానికి కావలసిన వ్యవధినివ్వడం మిగిలివున్న పని.

7. సముదాయ చర్చకు ఆధార విమర్శ:
శాసనాన్ని చదివేవారు లిపిని, కాలాన్ని, దాత ప్రయోజనాన్ని పరిశీలించినట్లే, చర్చలో వచ్చిన సమాచారాన్నీ పరీక్షించాలి. ఇందులో నాలుగు అంశాలు ముఖ్యమైనవి.

మొదటిది, మాట్లాడేవారెవరు అన్న ప్రశ్న. సమావేశంలో సంఘ అధ్యక్షుడు, పెద్ద వలలున్నవారు ఎక్కువగా మాట్లాడే అవకాశముంది. బెస్త, ముదిరాజ్, గంగపుత్ర వర్గాల మధ్య చెరువు హక్కులపై, సభ్యత్వంపై భేదాభిప్రాయాలున్నచోట అందరినీ ఒకే గదిలో కూర్చోబెడితే కొందరు మౌనంగా ఉంటారు. ముంపు వల్ల ఊరు మారినవారు, కోస్తా జిల్లాల నుండి వచ్చి శ్రీశైలం ఒడ్డున గుడిసెలు వేసుకొన్న వలస మత్స్యకారులు సంఘాల జాబితాల్లో ఉండకపోవచ్చు. చేపలను తూచి, కోసి, అమ్మే స్త్రీలకు ఏ కాలంలో ఏ చేప ఏ పరిమాణంలో వస్తుందో నిత్యానుభవంతో తెలుసు. వారితో విడిగా మాట్లాడనిదే నమోదు సగమే అవుతుంది.

రెండవది, ప్రయోజనం. చేప బాగా దొరుకుతుందంటే కౌలు పెరుగుతుందేమో, దొరకడం లేదంటే సాయం వస్తుందేమో అనే ఆలోచన జవాబును ప్రభావితం చేయగలదు. ఇది అబద్ధం చెప్పే స్వభావం కాదు. లెక్కలతో పన్ను వేసిన పాలనల అనుభవం నేర్పిన జాగ్రత్త. అడిగేవారు సమాచారాన్ని దేనికి వాడతారో ముందే చెప్పడం ఇందుకు పరిష్కారం.

మూడవది, పేర్లు. 'జెల్ల' అనే ఒక్క పేరు కింద పలు జాతులుంటాయి. ఒకే చేపకు నడిగడ్డలో ఒక పేరు, కొల్లాపూర్ వైపు మరొక పేరు ఉండవచ్చు. చేపను గాని, దాని చిత్రాన్ని గాని ముందుంచి పేరు రాసుకోవాలి. ఇక్కడ భాషాశాస్త్ర పరిశోధకులకూ పని ఉంది. కృష్ణాతీర మత్స్య పదకోశం ఈ కృషికి పునాది.

నాల్గవది, జ్ఞాపకపు జారుడు. ప్రతి తరం తన యౌవనంలో చూసిన స్థితినే సహజస్థితిగా భావిస్తుందని డేనియల్ పాలీ 1995లో సూచించాడు. డెబ్బై ఏళ్లవారు, నలభై ఏళ్లవారు, ఇరవై ఏళ్లవారు విడివిడిగా చెప్పినదాన్ని పోల్చినప్పుడు ఈ జారుడే క్షీణతకు కొలబద్దగా మారుతుంది.

ఈ నాలుగు పరీక్షల తరువాత సంఘాల ఖాతాపుస్తకాలు, వ్యాపారుల తూకం చీటీలు, జలాశయాల నీటిమట్టాల నమోదులతో సరిచూడాలి. జూరాల కట్ట దగ్గర చేపల వేపుడు అమ్మే హోటళ్ల రోజువారీ కొనుగోళ్లు కూడా ఆధారమే.

8. అలివి వలల వివాదం:
లెక్కలు లేకపోవడం ఎంత నష్టమో శ్రీశైలం వెనుకజలాల్లోని అలివి వలల వివాదం చూపుతుంది. అతి చిన్న కన్నులున్న ఈ పెద్ద వలలు చేపపిల్లలను సైతం ఊడ్చివేస్తాయి. వీటిపై నిషేధముంది. అయినా సోమశిల, అమరగిరి, మంచాలకట్ట పరిసరాల్లో వీటి వాడకంపై స్థానిక మత్స్యకారులు పదేపదే ఫిర్యాదు చేస్తున్నారు. వివాదాన్ని స్థానికులు, వలసదారుల ఘర్షణగా చూడటం సులభం. వలసవచ్చినవారు కూడా పెట్టుబడిదారు దగ్గర అప్పుపడి వేటాడేవారైతే దోషం ఎక్కడుందన్నది మరొక ప్రశ్న అవుతుంది. ఏ నెలలో, ఏ రేవులో, ఏ పరిమాణపు పిల్లలు వలలో పడుతున్నాయో మత్స్యకారులే రాసిపెట్టిన పట్టిక ఉంటే ఫిర్యాదు సాక్ష్యంగా మారుతుంది. అది లేనప్పుడు ప్రతి ఏడూ దాడి, వలల దహనం, మళ్లీ వల అనే వృత్తం సాగుతుంది.

9. ముగింపు:
పై పరిశీలన వల్ల తేలిన అంశాలు:

• కృష్ణాతీర మత్స్యచరిత్రకు తొలినుండీ మూలాధారం మత్స్యకారుల మాటే. సైక్స్ నామావళి అందుకు సాక్ష్యం. చెప్పినవారి పేరు మాత్రం నమోదులో నిలవలేదు.

• విత్తనం, కౌలు, సభ్యత్వాల లెక్కలు పాలనకు చాలినా, నీటిలోని మార్పును తెలుసుకోవడానికి చాలవు.

• ముంపు, జూరాల, 2009 వరద వంటి ఘటనలు మౌఖిక సాక్ష్యాన్ని కాలరేఖపై నిలపడానికి ఉపకరిస్తాయి.

• సముదాయ చర్చను ఆధారంగా స్వీకరించడానికి వయస్సు, లింగం, కులం, స్థానికత వారీగా విడి చర్చలు, లిఖిత ఆధారాలతో పోలిక అవసరం.

• సేకరించిన సమాచారం తెలుగులోనే రాసి, సంఘ సర్వసభ్య సమావేశంలో చదివి, దిద్దించి, ఒక ప్రతిని సంఘం వద్దనే ఉంచాలి.

వనపర్తి జిల్లా పెబ్బేరులో మత్స్యశాస్త్ర కళాశాల ఉంది. మూడు జిల్లాల్లోనూ డిగ్రీ కళాశాలలున్నాయి. జీవశాస్త్ర, చరిత్ర, తెలుగు విభాగాలు కలిసి ఒక్కొక్క రేవును తీసుకొన్నా ఈ పని కొన్ని సంవత్సరాల్లో రూపుదిద్దుకొంటుంది. పారే కృష్ణలో పుట్టి వేసిన చివరి తరం ఇంకా గట్టుమీద ఉంది. వారున్నప్పుడే ఈ పని మొదలుకావాలి.